కిర్రుమనని కుర్చీ

వీడ్కోలు రోజున పొద్దున్నే లీడరు తన యూనిఫాం తానే ఇస్త్రీ చేసుకుంది. పదో తరగతికి క్లాసు లీడరు కాబట్టి బడిలో ఆ పిల్లకు ఆ పేరొచ్చింది. ఇంట్లో అందరికీ పనులు పురమాయిస్తుంది కాబట్టి ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది. ఆ రోజు పనులన్నీ ఆమె బుర్రలో వరసగా పేర్చి ఉన్నాయి. పొద్దున హాల్లో రిహార్సల్, మధ్యాహ్నం సభ, టీచర్ల మాటలు, కేకు, ఆ తర్వాత గంట. గంట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకునేది.

"అమ్మా, ఇవాళ అన్నయ్యని బడి దరిదాపులకు రానివ్వకు," అంది ఇస్త్రీపెట్టె పక్కకు పెడుతూ.

"వాడెందుకొస్తాడే? వాడి కాలేజీకి వెళ్ళడానికే వాడికి బద్ధకం," అంది అమ్మ.

అన్నయ్య దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "సుత్తి గట్టిగా పట్టుకోవే. చెమట చేతులతో పట్టుకుంటే జారుతుంది. అనుభవం మీద చెప్తున్నా."

"నీ అనుభవం వల్లే కదా నాకీ ఖర్మ!"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. బడి వదిలి వెళ్ళే రోజున పదో తరగతి పిల్లలు వరండాలో వేలాడే కంచుగంటను ఒక్కొక్కరు ఒక్క దెబ్బ కొట్టి గేటు దాటేవాళ్ళు. అన్నేళ్ళూ ఆ గంట వాళ్ళను కూర్చోబెట్టింది, లేపింది, పరిగెత్తించింది. వెళ్ళే రోజున మాత్రం వాళ్ళ చేతికి చిక్కేది. అన్నయ్య బ్యాచి ఈ అవకాశాన్ని కాస్త ఎక్కువగా వాడుకుంది. సాయంత్రం ఒక్కో దెబ్బ కొట్టాల్సిన గంటను అన్నయ్య పొద్దున్నే పట్టుకుని లాంగ్ బెల్ కింద వాయించేశాడు. లాంగ్ బెల్‌ని ఎందుకని ప్రశ్నించిన విద్యార్థి లోకంలో ఇంకా పుట్టలేదు. హెడ్మాస్టరు గారు గదిలోంచి బయటికి వచ్చేసరికి బడిలో మిగిలింది టీచర్లూ, తొందరలో ఎవరో వదిలేసిన ఒంటి చెప్పూ. ఆ పూటే కొయ్య సుత్తి ఆయన టేబుల్ సొరుగులోకి పోయి తాళం పడింది. తర్వాతి బ్యాచీలు గంట కొట్టకుండానే, బస్సు దిగినట్టు దిగి వెళ్ళిపోయాయి.

అప్పటినుంచి లీడరు ఏ క్లాసుకు వెళ్ళినా, ఏ టీచరైనా మొదట అడిగే మాట, "నువ్వు ఆ లాంగ్ బెల్ వాడి చెల్లెలివేనా?" ఆ మచ్చ కడుక్కోవాలని ఆ పిల్ల ఏడాది పొడుగునా హెడ్మాస్టరు గారి గది చుట్టూ తిరిగింది. చివరికి ఆయన కరిగాడు.

"సరేనమ్మా. గంట కొట్టుకోండి. ఒక్క షరతు. ఆ రోజు బడిలో నా కంట ఒక్క తప్పు పడకూడదు. పడిందా, సుత్తి సొరుగులోనే ఉంటుంది."

"పడదు సార్! పూచీ నాది!" అని లీడరు గంతులేసుకుంటూ వచ్చింది. పూచీ ఇచ్చేవాళ్ళు గంతులు వేయకూడదని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది?

ఇక్కడ హెడ్మాస్టరు గారి కుర్చీ గురించి చెప్పాలి. ఆయన గది పొడుగాటి వరండాకు మొదట్లో ఉంటుంది. అందులో ఒక తిరిగే కుర్చీ. పాతది, బరువైనది, కింద ఇనుప స్ప్రింగు. ఆయన కూర్చున్నంతసేపూ అది నోరు మెదపదు. లేచేటప్పుడు మాత్రం "కిర్ర్ర్ర్" మని ఒక్క కేక పెడుతుంది. ఆ కేక వరండా చివరి తరగతిదాకా పోతుంది. ఆయనదేమో నెమ్మది నడక. ఆ కిర్రుకూ, ఆయన ఏదో ఒక గుమ్మంలో కనిపించడానికీ మధ్య బడి మొత్తం బాగుపడిపోయేది. కునుకు తీస్తున్న లెక్కల మాస్టారి కళ్ళు తెరుచుకునేవి. డ్రాయింగ్ మేడమ్ ఒళ్ళోని స్వెట్టరు అల్లిక సంచిలోకి దూరేది. ఆటల మాస్టారి నోట్లో ఉన్నది గొంతులోకి జారేది. అప్పటిదాకా ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటున్న తొమ్మిదో తరగతి వాళ్ళు ఒక్క గొంతుతో పద్యం అందుకునేవాళ్ళు. తనిఖీకి వచ్చిన అధికారులు ఇంత క్రమశిక్షణ మరెక్కడా చూడలేదని మెచ్చుకుని పోయేవాళ్ళు. ఆ మెప్పులో సగం కుర్చీదని వాళ్ళకేం తెలుసు!

వెళ్తూ వెళ్తూ సారుకు ఏదైనా కానుక ఇవ్వాలని పదో తరగతిలో చర్చ వచ్చింది. గడియారం వద్దనుకున్నారు. పాత బ్యాచీలు ఇచ్చిన గడియారాలతో ఆయన గది గోడ నిండిపోయింది, వాటిలో ఏ రెండింటికీ పొత్తు కుదరదు. అప్పుడు రిపేరు లేచి నిలబడ్డాడు.

రిపేరు అనేవాడు ఆ క్లాసులో స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకు తిరిగే కుర్రాడు. కనబడిన ప్రతిదీ బాగుచేస్తాడు. వాడు బాగుచేశాక క్లాసు ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది, గాలి మాత్రం పైకప్పుకు వేసింది. వాడు చెయ్యి వేశాక కుళాయి కారడం మానేసింది, తిప్పినా కారలేదు. ప్రతి పనిలోనూ చివర ఒకటో రెండో మరమేకులు మిగిలేవి. "ఇవి కంపెనీ వాళ్ళు ఊరికే పెడతారు," అని జేబులో వేసుకునేవాడు.

"సారు కుర్చీ చూశారా, ఆయన లేచినప్పుడల్లా ఎలా ఏడుస్తుందో?" అన్నాడు. "పాపం, ఇన్నేళ్ళుగా ఆ మోత ఎలా భరిస్తున్నారో! దాన్ని బాగుచేసి ఇద్దాం. మనం వెళ్ళిపోయినా మన గుర్తుగా ఉంటుంది."

అందరి మనసులూ కరిగిపోయాయి. ఆ కిర్రు వినగానే రోజూ సర్దుకుని కూర్చునే పిల్లలే, అది లేకపోతే ఏమవుతుందో ఒక్కరూ ఆలోచించలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని ఎలుకలు సభ పెట్టుకుంటాయంటారు. ఉన్న గంట ఊడదీసి పిల్లికి కానుకగా ఇచ్చిన ఎలుకలు మాత్రం వీళ్ళే. ముందురోజు సాయంత్రం హెడ్మాస్టరు గారు ఇంటికి వెళ్ళాక రిపేరు ఆ గదిలో దూరి, కుర్చీ తిరగేసి, నూనె పోసి, మేకులు బిగించాడు. ఏం గ్రహపాటో, వాడి జన్మలో మొదటిసారి ఒక వస్తువు నిజంగా బాగైంది. సభలో చెప్పి ఆశ్చర్యపరుద్దామని ఈ సంగతి టీచర్లకు కూడా చెప్పలేదు.

వీడ్కోలు రోజు పొద్దున లీడరు అందరికంటే ముందు వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని, లేచి చూసింది. చప్పుడు లేదు. నవ్వుకుంటూ గదిలోంచి బయటికి వస్తుంటే లెక్కల మాస్టారు ఎదురయ్యాడు.

"ఏమ్మా, పొద్దున్నే హెడ్మాస్టరు గారి గదిలో ఏం పని?"

"రహస్యం సార్!" అంది లీడరు మెరిసే కళ్ళతో. ఆ మాట అనకపోయి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

మొదటి పిరియడ్ అయ్యీ అవగానే కేకు పెట్టె స్టాఫ్ రూముకు చేరింది. ఆటల మాస్టారు దాన్ని ముందునుంచీ వెనకనుంచీ చూశాడు. "పిల్లలు తినేది, బాగుందో లేదో మనం చూడాలి కదా," అని తనలో తాను అనుకుని వెనక మూల ఒక ముక్క కోశాడు. బాగుందో లేదో ఒక ముక్కతో తేలలేదు. రెండో ముక్క నోట్లో ఉండగా తల ఎత్తితే గుమ్మంలో హెడ్మాస్టరు గారు.

కిర్రు లేదు, కబురు లేదు. ఆటల మాస్టారు కత్తి వీపు వెనక దాచుకున్నాడు. నోటినిండా కేకు ఉంది కాబట్టి మాట రాలేదు. ఏదో ఒకటి చేయాలి కదా అని, పక్కన గోడకు చేరగిలబడి నిద్రపోతున్న లెక్కల మాస్టారి వైపు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి తగిలి ఆయన ఉలిక్కిపడి లేచి, "అందుచేత జవాబు సున్నా!" అన్నాడు.

హెడ్మాస్టరు గారు ఏమీ అనలేదు. చూసినవాడికే ఎక్కువ సిగ్గేసినట్టు నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు. అనకపోవడం మరీ భయం కదా! ఇద్దరు మాస్టార్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత ఆయన తొమ్మిదో తరగతి గుమ్మంలో తేలాడు. అక్కడ పిల్లలు బెంచీల మీద నిలబడి డస్టరుతో క్యాచ్‌లు ఆడుతున్నారు. డ్రాయింగ్ మేడమ్ స్వెట్టరు చెయ్యి అల్లడంలో మునిగి ఉంది. ఆయన్ని చూసి గభాలున లేచేసరికి ఊలు ఉండ దొర్లుకుంటూ పోయి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన వంగి తీసి ఆమె చేతికిచ్చాడు.

"రంగు బాగుందమ్మా," అన్నాడు మెల్లగా, అని వెళ్ళిపోయాడు. మేడమ్‌కి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

విరామంలో ముగ్గురూ స్టాఫ్ రూములో తలుపు వేసుకున్నారు. "ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఇలా జరిగిందా? ఎవరో చాడీలు చెప్పి ఉంటారు," అన్నాడు ఆటల మాస్టారు. "సరిగ్గా మనం దొరికే టైముకే వస్తున్నారంటే, ఎవరో పూస గుచ్చినట్టు చెప్పారన్నమాట."

లెక్కల మాస్టారు బల్ల మీద వేలితో కొట్టాడు. "పొద్దున లీడరు ఆయన గదిలోంచి నవ్వుకుంటూ వచ్చింది. ఏం పనమ్మా అంటే రహస్యం అంది."

"ఎంతైనా ఆ లాంగ్ బెల్ వాడి చెల్లెలే కదా!" అంది మేడమ్. తీర్పు అయిపోయింది.

లీడరుకు ఇదేమీ తెలియదు. సభలో మాట్లాడాల్సిన విషయం గుర్తుచేద్దామని వెళితే లెక్కల మాస్టారు, "నాకు గొంతు బాగాలేదమ్మా. ఇంకా ఏం మాట్లాడినా ఎవరికి చేరుతుందో!" అని మొహం తిప్పుకున్నాడు. మైకు అడిగితే ఆటల మాస్టారు స్టోర్ రూము తాళంచెవి లేదన్నాడు. అది ఆయన మెడలో ఈల పక్కనే వేలాడుతోంది. హాలుకు వెళితే డ్రాయింగ్ మేడమ్ కుర్చీ ఎక్కి, తాను కట్టిన రంగు కాగితాల పూలన్నీ తానే విప్పుకుంటోంది.

"అదేంటి మేడమ్?"

"వచ్చే ఏడాదికి పనికొస్తాయి. అప్పటికైనా మంచి పిల్లలు రాకపోతారా?" అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

లీడరుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తనేం చేసిందో తెలియదు, ఎందుకు ఇలా అంటున్నారో తెలియదు. అయినా గంట ఉంది కదా, గంట కోసం ఏదైనా ఓర్చుకోవాలనుకుని రిహార్సల్ మొదలుపెట్టించింది. మైకు లేని లోటు తీర్చడానికి రేడియో స్టేజి ఎక్కాడు. వాడి గొంతులో పలకని మనిషి లేడు, పలకని వస్తువూ లేదు, అందుకే వాడికా పేరు. సభలో టీచర్లందరి గొంతులూ చేసి, ఎవరినీ నొప్పించకుండా నవ్వించాలని వాడితో ముందే ఒప్పందం. అయితే రిహార్సల్‌కి ఒప్పందాలుండవు కదా!

రేడియో జేబులోంచి పాత కళ్ళజోడు తీసి ముక్కు చివర పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు గారిలా కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత లేస్తూ నోటితో "కిర్ర్ర్ర్" అన్నాడు. అచ్చం అదే కేక. అది వరండా పొడుగునా పోయింది. స్టాఫ్ రూములో ముగ్గురూ నిటారుగా కూర్చున్నారు. తొమ్మిదో తరగతి పద్యం అందుకుంది.

"ఏమర్రా!" అన్నాడు రేడియో హెడ్మాస్టరు గారి గొంతుతో. "నేను లేస్తే చాలు, స్కూలంతా నిద్ర లేస్తుంది. నేను కూర్చుంటే స్కూలంతా పడుకుంటుంది. ఈ బడిని నడిపేది నేను కాదర్రా, నా కుర్చీ!"

క్లాసంతా పగలబడి నవ్వింది. నవ్వు ముందు వరసలోంచి వెనక్కి పోవాలి గానీ, ఇది వెనక వరసనుంచి ముందుకు ఆగుతూ వచ్చింది. లీడరు తిరిగి చూసింది. హాలు గుమ్మంలో అసలు హెడ్మాస్టరు గారు నిలబడి ఉన్నాడు. రేడియో ముక్కు మీదినుంచి కళ్ళజోడు జారి కింద పడింది.

"లీడర్, నా గదికి రా," అన్నాడాయన.

వరండాలో ఆయన వెనక నడుస్తుంటే గంట పక్కనుంచి వెళ్ళాల్సి వచ్చింది. లీడరు దాని వైపు చూడలేదు. ఇంటికి వెళ్ళి అన్నయ్య మొహం ఎలా చూడాలా అని ఆలోచిస్తోంది. గదిలో ఆయన కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. చప్పుడు లేదు.

"ఈ కుర్చీకి ఏమైంది?"

"బాగుచేశాం సార్," అంది లీడరు. "మా క్లాసు తరఫున మీకు కానుక. సభలో చెబుదామనుకున్నాం."

హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నాడు. "నూనె వేశారా?"

"వేశాం సార్."

"అమ్మాయ్, ఇన్నేళ్ళుగా ఈ కుర్చీకి ఒక్క చుక్క నూనె తగలకుండా కాపాడుకొచ్చాను. కొత్త కుర్చీ ఇస్తామంటే రెండుసార్లు వెనక్కి పంపాను. ఎందుకో తెలుసా?"

లీడరు తల అడ్డంగా ఊపింది.

"నేను ఒకటి చూస్తే, చూసినందుకు ఏదో ఒకటి అనాలి. అంటే వాళ్ళు బాధపడాలి, రాత్రి నాకు నిద్ర పట్టదు. అదే నేను రాబోతున్నానని తెలిస్తే ఎవరి తప్పు వాళ్ళే దిద్దుకుంటారు. నాకు అనే పని ఉండదు, వాళ్ళకు పడే పని ఉండదు. నడక కూడా నాకు మొదట్లో ఇంత నెమ్మది కాదమ్మా. వాళ్ళ కోసం అలవాటు చేసుకున్నాను. ఇవాళ పొద్దుట్నుంచీ ఏమేం చూశానో దేవుడికే తెలుసు. ఆ లెక్కల మాస్టారి ఇంట్లో పసిబిడ్డ, రాత్రంతా నిద్రుండదు. ఆయన నిద్రపోతుంటే చూడాల్సిన ఖర్మ నాకేంటి?"

పిల్లి మెడలో గంట ఎలుకలు కట్టింది కాదు. పిల్లే కట్టుకుని తిరుగుతోంది!

"మరి... మీ కంట తప్పు పడకూడదని షరతు పెట్టారు కదా సార్?"

"ఎందుకు పెట్టాననుకున్నావ్? నా కంట ఏదీ పడదన్న ధీమాతో! సుత్తి నీకిద్దామనే నిర్ణయించుకున్నాను. షరతేదో ఒకటి ఉండాలి కదా అని పెట్టాను. తీరా చూస్తే మీరే నా కళ్ళు తెరిపించారు."

"రేడియో చేత నోటితో కిర్రు..." అని మొదలుపెట్టింది లీడరు.

"రేపట్నుంచి రేడియో ఈ బడికి రాడు కదమ్మా," అన్నాడాయన.

ఆ మాటతో లీడరుకు నిజంగా ఏడుపొచ్చింది. అప్పటిదాకా వీడ్కోలంటే పని. రేపట్నుంచి రారు అనే మాట ఎవరూ అలా పైకి అనలేదు.

ఆయన కాస్త మెత్తబడ్డాడు. "ఏడవకు. సాయంత్రం లోపల ఈ కుర్చీ మునుపటిలా మొత్తుకుందా, సుత్తి నీది. ఇచ్చిన మాట మాటే, నాదైనా, నీదైనా."

'ఎవరికి చేరుతుందో' అన్న లెక్కల మాస్టారి మాటకు అర్థం అప్పుడు తట్టి, లీడరు తిన్నగా స్టాఫ్ రూముకు పరిగెత్తింది. "సార్, మీ మీద ఎవరూ చాడీలు చెప్పలేదు. చెప్పాల్సిన కుర్చీ చెప్పలేదు, అంతే!" అని జరిగిందంతా ఏకరువు పెట్టింది. ముగ్గురూ నోళ్ళు తెరిచారు. ముందు సిగ్గుపడ్డారు, తర్వాత ఒక్కసారిగా లేచారు. తమ ప్రాణాలు ఆ కిర్రులోనే ఉన్నాయని వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మేడమ్ సంచిలోంచి పూలు తీసి లీడరు చేతిలో పెట్టి, "మనసులో పెట్టుకోకమ్మా," అంది.

హెడ్మాస్టరు గారు వరండా చివరకు పోయి ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు, ఇంకేమీ చూడదలచుకోలేదు. మాస్టార్లు కుర్చీ మీద పడ్డారు. సబ్బునీళ్ళతో కడిగారు. సుద్దపొడి చల్లారు. ఇసుక పోశారు. ఆటల మాస్టారు బరువైన మనిషి కాబట్టి కూర్చుని లేచే పని ఆయనకు అప్పగించారు. కూర్చున్నాడు, లేచాడు, చొక్కా తడిసిపోయేదాకా లేచాడు. "లావుగా ఉన్న నాకే అరవడం లేదంటే దానికి అభిమానం చచ్చిపోయింది," అని నేల మీద కూలబడ్డాడు. లెక్కల మాస్టారు, నూనె ఇంకిపోయి తుప్పు పట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్క కట్టి, జవాబు ఎవరికీ చెప్పలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని అందరూ నీరుగారిపోయిన సమయంలో, లీడరు చూపు పైన ఫ్యాను మీద పడింది. ఆ ఫ్యాను చూడగానే తమ క్లాసు ఫ్యాను గుర్తొచ్చింది. కుళాయి గుర్తొచ్చింది. ఆ పిల్ల మొహం వెలిగింది.

"రిపేరుని పిలవండి," అంది. వాడు రాగానే ఎంతో గౌరవంగా, "ఒరేయ్, నీ పనికి సారు పొంగిపోయారు. కానీ ఎక్కడో సన్నగా ఒక చప్పుడు ఇంకా మిగిలిపోయిందట. దాన్ని కూడా పూర్తిగా తీసెయ్యాలి. నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు," అంది.

రిపేరు చిన్నబుచ్చుకున్నాడు. "ఉండదే! ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను." కుర్చీ చుట్టూ ఓసారి తిరిగాడు. "సరే, ఈసారి మొత్తం విప్పి చేస్తా. మీరు పక్కకు తప్పుకోండి." పెద్దలంతా ఊపిరి బిగబట్టి తప్పుకున్నారు. వాడు విప్పాడు, ఊదాడు, తుడిచాడు, బిగించాడు. చివర జాగ్రత్తగా నూనె కూడా వేశాడు. మూడు మేకులు మిగిలాయి. "కంపెనీ వాళ్ళు," అని గొణిగి జేబులో వేసుకున్నాడు.

హెడ్మాస్టరు గారిని పిలుచుకొచ్చారు. ఆయన కూర్చున్నాడు. అందరి వైపూ ఓసారి చూసి, లేచాడు.

"కిర్ర్ర్ర్ర్ర్‌ర్... కీచ్!"

మునుపటిది దీని ముందు జోలపాట. కిటికీ అద్దాలు గలగలలాడాయి. వరండా చివర తొమ్మిదో తరగతి పద్యం అందుకుని, అది అయిపోయాక ఎందుకైనా మంచిదని ఇంకోటి మొదలుపెట్టింది. లెక్కల మాస్టారు మేలుకునే ఉండి కూడా మళ్ళీ మేలుకున్నాడు. హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకుని, "ఇదమ్మా మీ కానుక," అన్నాడు. తాళం తీసి, సొరుగులోంచి కొయ్య సుత్తి లీడరు చేతికిచ్చాడు.

సభ బాగానే జరిగింది. లెక్కల మాస్టారి గొంతు బాగైంది, మైకు దొరికింది, కేకు వెనక మూల లేకపోవడం ఎవరూ అడగలేదు. సాయంత్రం అందరూ గంట దగ్గర వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరు ఒక్క దెబ్బ కొట్టి, టీచర్లకు దణ్ణం పెట్టి, గేటు దాటుతున్నారు. పొద్దుట్నుంచీ నవ్వించిన రేడియో కొట్టేటప్పుడు మాత్రం నోరు విప్పలేదు. చివరి దెబ్బ లీడరుది. చేతులు చెమట పట్టాయి. పొద్దున అన్నయ్య చెప్పింది గుర్తొచ్చి, చేతులు లంగాకు తుడుచుకుని సుత్తి గట్టిగా పట్టుకుంది. అయినా చెయ్యి లేవలేదు. కొడితే అయిపోతుంది కదా అని దుఃఖం ముంచుకొచ్చింది.

"గట్టిగా కొట్టమ్మా," అన్నాడు హెడ్మాస్టరు గారు. "మీ అన్నయ్య కొట్టిన గంట నా చెవుల్లో ఇంకా మోగుతోంది. దాన్ని చెరిపెయ్యాలి."

లీడరు ఏడుస్తూనే కొట్టింది. గేటు బయట, రోడ్డుకు అవతల, ఎవరికీ కనబడకుండా నిలబడ్డానని అనుకుంటున్న అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

అందరూ నవ్వుతూ ఏడుస్తూ ఇళ్ళదారి పట్టారు. రిపేరు ఒక్కడే గేటు పట్టుకుని, దిగులుగా హెడ్మాస్టరు గారి గది వైపు చూస్తూ ఆగిపోయాడు.

వాడి చేతుల్లో ఇంతవరకూ చెడిపోయిన వస్తువు అదొక్కటేనట.